పదిహేడు దగ్గర ఆగాడు

ఆ టేబులుకి మాత్రం ఆనుకోకమ్మా బ్రియొనీ, దాని కాలొకటి వదులు. బాగుచెయ్యమని ఆర్నెల్ల నుంచీ మొత్తుకుంటున్నా. మా ఆయన వింటేగా! అమ్మేసేదానికి ఇంకా మేకులెందుకే జోసీ అంటాడు. అమ్మేదాకా అయినా అది నిలబడాలా వద్దా, నువ్వే చెప్పు.

ఇలా కూర్చో, ఈ పెట్టె మీద. లోపల పేకముక్కలే, ఏం కాదు. షెడ్డులో ఉక్కగా ఉంది కదూ? మకాయ్‌లో నవంబరంటే ఇంతే. మీ రాక్‌హాంప్టన్‌లో అయితే ఈపాటికి మాడు పగిలిపోతుందేమోలే.

మా ఆయన చెన్సు బ్రెడ్డు తెస్తానని వెళ్ళాడు. ఆయనొచ్చేలోపు నీకో మాట చెప్పాలి. చుట్టూ తిప్పి చెప్పడం నాకు చేతకాదు. ఈ ఉత్తుత్తి కాసినో వ్యాపారం నువ్వు కొనకు.

అదిగో, మొహం అలా పెట్టకు. ధర పెంచడానికి నాటకమాడుతున్నా అనుకుంటున్నావు కదూ? కాదమ్మా. అయ్యో, వ్యాపారం బాగాలేక కూడా కాదు. శుభ్రంగా నడుస్తోంది. డిసెంబరు ఆఖరుదాకా శనివారాలన్నీ నిండిపోయాయి. పంచదార మిల్లు వాళ్ళ విందుంది, సర్ఫ్ క్లబ్బు వాళ్ళదుంది, ఇంకా ఎవరో పళ్ళ డాక్టర్లట, వాళ్ళది కూడా ఉంది. నువ్వు పిల్లలు గెంతే గాలి కోటలు అద్దెకిచ్చేదానివి, పార్టీల సంగతి నీకు చెప్పాలా? పిల్లలు నీ దగ్గర గెంతుతారు, వాళ్ళ అమ్మానాన్నలు మా దగ్గర గెంతుతారు.

ఈ టేబుళ్ళన్నీ మా నాన్న చేతి పని. మాల్టా నుంచి ఇక్కడికి చెరుకు కొట్టడానికొచ్చాడు. నడుము పడిపోయాక వడ్రంగంలోకి దిగాడు. చర్చి కప్పుకి చందాలు కావాలి, ఏదన్నా చూడు వెల్లా అని ఫాదరు మా నాన్నని అడిగితే, ఇదిగో ఈ రూలెట్ చక్రం చేసిపెట్టాడు. ఆటకి ఉత్తుత్తి నోట్లు కావాలి కదా, వాటి మీద తన బొమ్మే అచ్చేయించాడు, టోపీతో సహా. చూడు, మీసాలు కూడా పడ్డాయి. ఈ దేశంలో రాణీగారి తర్వాత నోటు మీద బొమ్మ ఉన్నది నాకేనే అని చచ్చేదాకా గొప్పలు పోయాడు.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. అది చెప్తే గానీ మిగతాది నీకర్థం కాదు. ఓడిపోవడం మన పని అనేవాడు. జనం అద్దె కట్టి మనల్ని పిలిచేది గెలవడానికి. ఓడిపోవడానికైతే అసలు కాసినోకే పోతారు, మధ్యలో మనమెందుకు?

ఇరవయ్యొకటి ఆట తెలుసుగా నీకు? ముక్కలు పంచేవాడికి పదిహేడు పడితే ఆగాలి. ఎక్కడైనా అదే రూలు. మా దగ్గర ఆగం. ఇంకో ముక్క లాగుతాం. ఇరవయ్యొకటి దాటేదాకా లాగి, అయ్యో మళ్ళీ పోయిందే అని నెత్తి కొట్టుకుంటాం. ఎదుటివాళ్ళ పందెం బిళ్ళలు రెట్టింపవుతాయి. ఆఖర్న ఆ బిళ్ళలకి బదులు లాటరీ చీటీలిస్తాం, ఎవరికో ఒకరికి బహుమతిగా మాంసం ట్రే తగులుతుంది. ఆ ట్రే పట్టుకుని రాజ్యం గెలిచినట్టు ఇంటికెళతారు.

మా చెన్సు అంత అందంగా ఓడిపోయేవాడు క్వీన్స్‌లాండ్ మొత్తం మీద లేడు. నేను కట్టుకున్నాను గనక అనడం కాదు, ఎవర్నైనా అడుగు.

ఆఁ, అసలు సంగతి అదే. ఆయన నిజంగా కూడా అలాగే ఓడిపోయాడు.

పదహారేళ్ళయింది. క్లబ్బుల్లో ఆ బటన్లు నొక్కే జూదం మెషీన్లున్నాయే, వాటి ముందు. పొద్దున పాల ప్యాకెట్టుకని వెళ్ళి, మధ్యాహ్నం భోజనానికి కూడా వచ్చేవాడు కాదు. ముందు ట్రక్కు పోయింది. తర్వాత మా అమ్మ గాజులు. ఆఖరికి మా అమ్మాయి పళ్ళకి తీగ కట్టించాలని దాచింది కూడా పోయింది. ముప్ఫై ఏళ్ళొచ్చాయి దానికి, ఇవాళ్టికీ నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

మానేశాడు. అబద్ధమెందుకు, మానేశాడు. ఒక్కో క్లబ్బుకీ వెళ్ళి, నన్ను ఆ మెషీన్ల గదిలోకి రానివ్వకండి అని తనే సంతకం పెట్టి ఫోటో ఇచ్చి వచ్చాడు. ఆ ఫోటోలో బోలెడంత జుట్టు. ఇప్పుడు చూశావుగా, గుండు. ఆ ఫోటో పట్టుకుని ఎవరు పోల్చుకుంటారు? అందుకే పని మీద ఏ క్లబ్బుకెళ్ళినా నా చక్రం సరిగ్గా ఆ గది గుమ్మానికి ఎదురుగా పెట్టుకుంటాను. అక్కడ గాలి రాదు, వెలుతురూ ఉండదు, అయినా అక్కడే.

ముక్కలు మాత్రం మా నాన్నే చేతికిచ్చాడు. వీడి చేతులు ఊరుకోవమ్మా, ఎలాగూ ముక్కలు కావాలి, మనవే ఇద్దాం అన్నాడు. నాకప్పుడు ఒళ్ళు మండింది. తాగుబోతుకి సారా కొట్టు తాళాలు ఇస్తావా నాన్నా అని పోట్లాడాను. కానీ ఆయన మాటే నిజమైంది. వారానికో రోజు బో టై కట్టుకుని, ముసలమ్మల చేతుల్లో ఓడిపోతూ, మిగతా వారమంతా నెమ్మదిగా ఉండేవాడు. పదహారేళ్ళు అలా గడిచాయి.

నాకు మాత్రం ఓపిక లేదమ్మా. అరవై ఒకటొచ్చాయి. ఈ వయసులో బో టై నేనూ కట్టుకుంటున్నాను, ఎంత దరిద్రంగా ఉంటానో నువ్వు చూడలేదు. హార్వీ బేలో మా అక్క డోరిస్ నాకోసం ఒక గది ఖాళీగా ఉంచింది. కిటికీలోంచి సముద్రం కనబడుతుందట. ఎవరైనా కొంటే బాగుండునని రోజూ మొక్కుకుంటాను. తీరా ఎవరైనా వస్తే నేనే తరిమేస్తాను.

నవ్వకు. నిజమే చెబుతున్నా. ముందు బండబర్గ్ నుంచి మొగుడూ పెళ్ళాలొచ్చారు. టేబుళ్ళకి చెదలు పట్టాయని చెప్పాను. చెదలు ఎక్కడా లేవు, కావాలంటే తట్టి చూసుకో. తర్వాత టౌన్స్‌విల్ నుంచి ఒకాయనొచ్చాడు. పర్మిట్లు ఆపేస్తారట అని చెవిలో ఊదాను. మా అదృష్టం బాలేదే జోసీ అని చెన్సు రెండ్రోజులు దిగులుపడ్డాడు. నేను టీ కలిపిచ్చి ఓదార్చాను.

నీకూ ఏదో ఒకటి చెబుదామనే అనుకున్నాను. నిన్న మీ పిల్లది నీ ఒళ్ళో కూర్చుని ఆ బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే నోరు రాలేదు. అందుకే నిజం చెబుతున్నా.

టేబుళ్ళు పోతే ఆయన చేతులు ఖాళీ. పైగా చేతినిండా డబ్బు. ఆ రెండూ ఒకేసారి ఆయనకి ఇవ్వలేను.

ఎందుకంత భయం, పదహారేళ్ళు బాగానే ఉన్నాడుగా అంటావా? నేనూ అలాగే అనుకున్నాను, మొన్న గుర్రప్పందేల కప్పు రోజు దాకా. మెల్బోర్న్‌లో గుర్రాలు పరిగెడతాయి, ఇక్కడ బౌల్స్ క్లబ్బులో ఆడవాళ్ళందరూ టోపీలు పెట్టుకుని మధ్యాహ్నం భోజనానికొస్తారు. ఏటా మాదే ఆ పని.

నోరీన్ టల్లీ అని ఒకావిడుంది. ఎనభై నాలుగేళ్ళు. మొగుడు పోయినప్పటి నుంచి ఏడాదికి ఈ ఒక్కరోజే బయటికొస్తుంది. వచ్చి తిన్నగా చెన్సు ముందు కూర్చుంటుంది. ఆవిడ గెలవడం, చెన్సు నెత్తి కొట్టుకోవడం, ఆవిడ పళ్ళసెట్టు ఊడేలా నవ్వడం, ఇదీ వరస. ఆ రోజు ఆవిడ ఉన్న బిళ్ళలన్నీ ముందుకు తోసింది. ఆవిడకి పదహారు. చెన్సుకి పదిహేడు.

ఆగాడు.

నేను చక్రం దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను. ఇంకో ముక్క లాగలేదు. చెయ్యి చాచి ఆవిడ బిళ్ళలన్నీ ఒక్క ఊపులో తన వైపు లాక్కున్నాడు. తర్వాతి ఆటలోనూ అంతే. ఆ తర్వాతా అంతే. పక్కనున్న నలుగురినీ ఊడ్చేశాడు. ఉత్తుత్తి బిళ్ళలు తల్లీ అవి, మా నాన్న బొమ్మున్న నోట్లకిచ్చినవి! నీ మీద ఏమన్నా కోపమొచ్చిందా చెన్సూ అని ఆవిడ అడుగుతోంది. ఆయనకి వినబడితేగా. పెదవులు తడుపుకుంటున్నాడు. ఆ మొహం నేను పదహారేళ్ళ క్రితం చూసిందే, ఆ మెషీన్ల ముందు, పాల ప్యాకెట్టుకని వెళ్ళిన మనిషిది.

పొరపాటున ఆగాడేమో అంటావా? ఏళ్ళ తరబడి వంట చేసేదానివి ఒకరోజు కూరలో ఉప్పు మర్చిపోవచ్చు. నాలుగు కూరల్లో మర్చిపోవు కదా.

ఇంటికొచ్చాక అడిగాను. అలసిపోయానే అన్నాడు. అక్కడితో ఊరుకున్నాను. ఇంకా అడిగితే నిజమే చెబుతాడేమోనని భయమేసింది.

కాబట్టి నా తల్లివి కదూ, ఆయన రాగానే చెప్పేయ్. టేబుళ్ళు పాతబడ్డాయనో, మీ ఆయనకి ఇష్టం లేదనో, ఏదో ఒకటి. ఇంకో రెండేళ్ళు లాగిస్తాను. ఆ తర్వాత సంగతి ఆ దేవుడు చూసుకుంటాడు.

ఏంటమ్మా, అలా చేతులు నలుపుకుంటున్నావు?

ఏమిచ్చావు?

అడ్వాన్సా. ఎవరికి, చెన్సుకా? నాకు తెలీకుండానా?

మూడు వేలు. నగదు. సరీనా పెట్రోలు బంకు దగ్గర. ట్రక్కుకి టైర్లు చూసొస్తానన్నాడు ఆ రోజు. టైర్లు చూశానన్నాడు కూడా, రబ్బరు బాలేదన్నాడు.

నాకెందుకు చెప్పొద్దన్నాడట? మాల్టాకి టిక్కెట్టా. నాకా. పుట్టినరోజుకి చెప్పకుండా చేతిలో పెడదామనా. నేను పుట్టింది ఇక్కడ, మకాయ్ ఆసుపత్రిలో. మాల్టాలో నాకెవరున్నారమ్మా? ఒక్క మనిషి పేరు కూడా తెలీదు.

ఏ రోజది? కాదు, గుర్తు చేసుకో, సరిగ్గా ఏ రోజు?

సోమవారం. మర్నాడే కప్పు.

నువ్వేం తప్పు చేశావులే, ఏడవకు. మంచి మాట చెప్పి అడిగాడు, ఇచ్చావు. నేనూ అలాగే ఇచ్చాను చాలాసార్లు. కళ్ళు తుడుచుకో. ఆయన ఇంట్లోంచి వెళ్ళి ఎంతసేపైంది? గంటా? బ్రెడ్డు కొట్టు ఈ వీధి చివరే.

ఇప్పుడు నాకేమనిపించిందో చెప్పనా? ఎవరికీ చెప్పకు. హమ్మయ్య అనిపించింది. ఒట్టు. నువ్వు సోమవారం అనగానే మెడ మీంచి ఎవరో బస్తా దించినట్టయింది. ఇంక గుమ్మానికి ఎదురుగా నిలబడక్కర్లేదు, జేబులు తడమక్కర్లేదు, ఎవర్నీ తరమక్కర్లేదు, ఇవాళే సంచీ సర్దుకుని డోరిస్ దగ్గరికి పోవచ్చు అనుకున్నాను. ఏ కిటికీ దగ్గర కుర్చీ వేసుకోవాలో కూడా అనుకున్నాను. ఎంతసేపు? అరనిమిషం ఉంటుందా? అంతలో, పొద్దున ఏమన్నా తిని వెళ్ళాడో లేదో అని గుర్తొచ్చింది.

ఎంత సిగ్గులేని బతుకో చూడు.

సరే, లే. నీ ట్రైలరు ఖాళీగానే ఉందిగా? నీ మూడు వేలకి రెండు టేబుళ్ళు తీసుకెళ్ళు. గొడవ పడకు, నా దగ్గర తిరిగివ్వడానికి డబ్బు లేదు, ఆయన దగ్గర ఉండదు. ఇవి మా నాన్నవి, నా పేరు మీద ఉన్నాయి, నేనిస్తున్నాను. పిల్లల పార్టీల్లో కేకులు పెట్టుకోవడానికైనా పనికొస్తాయి. అమ్మకం మాట ఇంక లేదు. కాగితాలు చింపేయ్.

ఆయనొచ్చి ఖాళీ చూస్తాడు. నాకు తెలిసిపోయిందని తెలుస్తుంది. ఆయన అడగడు, నేను చెప్పను. టీ పెడతాను.

వదిలెయ్యమంటావు. డోరిస్ అదే అంటుంది, మా అమ్మాయీ అదే అంటుంది. నాకు ఆయనంటే ఇష్టమమ్మా. అసహ్యమూ ఉంది, అది అంతకంటే ఎక్కువే ఉంది, కానీ ఆ ఇష్టం చావట్లేదు. ఏం చెయ్యను?

ఊఁ, ఆ చివర పట్టుకో. అటుది కాదు, ఇటుది. ఆ గోడ పక్కది కూడా వేసుకో, పైన ఫెల్టు గుడ్డ కొత్తగా ఉంది.

ఆ మూలది మాత్రం వద్దు. దాన్ని ముట్టుకోకు. అది ఆయన ఆడించేది. శనివారం మిల్లు వాళ్ళ పార్టీ ఉంది. దాని వెనక మళ్ళీ ఆయన్నే నిలబెట్టాలి.