కాలు లేచేదాకా

పక్షవాతం వచ్చినవాళ్ల నడక మీద పరిశోధన చేస్తున్న ఫిజియోథెరపిస్టు, పేషెంటుని పట్టుకుని నడిచే కమ్మీల మధ్య నిలబెట్టి అతని భార్య వైపు తిరిగింది.

"శుభవార్తక్కా! కాలే కాదు, కుడిచెయ్యి కూడా లేస్తోంది."

"తెలుసు మేడం. పొద్దున నా మీదికే లేచింది."

అప్పుడు చూసింది, ఆమె పెదవి చిట్లి ఉంది.

"ఇదివరకూ కొట్టేవాడా?"

"ఆ చెయ్యి పడిపోయేదాకా కొట్టాడు. ఓసారి పక్కటెముక విరిగింది."

"మరి ఇంకా ఈ చాకిరీ ఎందుకక్కా? వదిలేసి పోవచ్చుగా!"

"మంచాన పడ్డ మనిషిని వదిలిపోవడానికి మనసొప్పలేదమ్మా. తొందరగా నడిపించండి. ఆయన తన కాళ్ల మీద నడిచిన రోజే నేను గడప దాటతా."

అతను బూతులు లంకించుకుని, కమ్మీకి ఆనించి ఉన్న తన ఊతకర్ర ఎడంచేత్తో ఆమె మీదికి విసిరాడు. అది గోడకి తగిలి విరిగింది.

థెరపిస్టుకి ఒళ్లు మండిపోయింది.

"కమ్మీలు పట్టుకుని నడవండి," అంది. "మీ ఆవిడ వెళ్లాలట."