ఇరవై ఏడు చిట్టి పళ్ళు, తిరగబడిన ఫిల్ము

అధ్యక్ష స్థానంలో ఉన్న సూపరింటెండెంటు గారికి, ఆయన పక్కనే కూర్చుని నేనేం మాట్లాడతానో అని ఇప్పటికే కాస్త కంగారు పడుతున్న మన సర్జను గారికి, ముందు వరసలోని పెద్దలకు, నర్సమ్మలకు, నా చేత తిట్లు తినకుండా ఈ దంతాల ఆసుపత్రి గడప దాటని విద్యార్థులకు, మూడో వరసలో అమ్మమ్మ పక్కన కూర్చున్న మా ‘ఇరవై ఏడు’కు నమస్కారం. ఆ పేరేమిటో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ఇవాళ నా కాలు నేల మీద నిలవడం లేదు. పదవీ విరమణ అయితే ఏడవాలి కదా అని పొద్దున మా ఆయన రెండు చేతిరుమాళ్ళు మడిచి ఇచ్చారు. రెండూ మడత విప్పలేదు. ఎందుకంటే ఉదయం పదిన్నరకు, నా ఆఖరి ఫిల్ము తీసేటప్పుడు, ఒకటి చూశాను. అదీ చెబుతాను.

మెట్ల కింద ఎక్స్‌రే గదిలో ముప్ఫై మూడేళ్ళు కూర్చున్నాను. బయటికి రావాల్సిన పన్ను రాకుండా దవడలోనే ఉండిపోతే ఎన్ని వేషాలు వేస్తుందో మీకు పుస్తకాల్లో తెలుసు, నాకు కళ్ళతో తెలుసు. ముక్కు కింద అడ్డంగా పడుకున్నవి, తలకిందులుగా పైకి ఎదిగేవి, పక్కదాని చోటులోకి దూరిపోయినవి అన్నీ చూశాను. ఒక పెద్దాయనకు అరవై ఐదేళ్ళు. కట్టుడు పళ్ళు ఉన్నట్టుండి పట్టడం మానేశాయని మన వాళ్ళ మీద గొడవకొచ్చారు. తీరా ఫిల్ము తీస్తే, ఎప్పటినుంచో చిగుళ్ళ కింద దాక్కున్న జ్ఞానదంతం అప్పుడు తీరిగ్గా బయలుదేరింది. ‘ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావ్’ అని పైకే అనేశాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. (నవ్వులు)

నన్ను చుక్కమ్మ అంటారని నాకు తెలియదనుకోకండి. మీ వెనకటి బ్యాచీల వాళ్ళు పెట్టిన పేరది. ఈ సంగతి తెలియని అతిథుల కోసం చెబుతున్నాను, మేం నోట్లో పెట్టి తీసే చిన్న ఫిల్ముకు ఒక మూలన బొడిపెలా చుక్క ఉంటుంది. అట్టలో అమర్చేటప్పుడు ఆ చుక్క వేలికి ఉబ్బెత్తుగా తగలాలి. గుంటగా తగిలితే ఫిల్ము తిరగబడినట్టే, కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ నేను చెప్పే మొదటి మాట, ‘కళ్ళను నమ్మకండి, చుక్క తడమండి’ అని. చివరి బెంచీ వాళ్ళు నా గొంతుతో ఆ మాట అని నవ్వుకుంటారు. అదిగో, ఇప్పుడూ నవ్వుతున్నారు.

రెండేళ్ళ కిందట, మూడో వరసలో ఉన్న ఈ అమ్మాయి వచ్చింది. పన్నెండేళ్ళు నిండినా పైన రెండు వైపులా కోరపళ్ళు ఇంకా పాలపళ్ళే. ఫిల్ములు తీశాను. ఒకవైపు అసలు పన్ను తన దారిన తాను దిగుతోంది. రెండోవైపు పన్నుకు అడ్డంగా ఏదో ముద్ద, ముద్ద నిండా తెల్లటి నలుసులు. అడ్డు తీసేస్తే పన్ను దానంతటదే దిగవచ్చు, లేదంటే పన్నునీ పీకేయాల్సి రావచ్చు అన్నారు సర్జను గారు. దవడ కోసి చూడాలన్నారు.

ఆపరేషన్ రోజు పొద్దున నా గదిలో కూర్చుని, అలవాటుగా నేను దాచుకునే రెండో కాపీని తీసి చుక్క తడిమాను. ముద్ద కుడివైపుంది. ఆపరేషన్ కాగితంలో ఎడమ అని ఉంది. పైకి పంపిన ఫిల్ములను అట్టలో తిరగేసి పెట్టింది ఎవరో కాదు, నేనే. అవి పెడుతున్నప్పుడు ఏం చేస్తున్నానో తెలుసా? పక్కన నిలబడ్డ ఆరుగురు విద్యార్థులకు చుక్క గురించి క్లాసు పీకుతున్నాను.



ముప్ఫై మూడేళ్ళలో నేను ఆ మెట్ల మీద పరుగెత్తింది ఆ ఒక్కసారే. ఆపరేషన్ గది తలుపు తీసేసరికి ఎడమవైపు మత్తు సూది ఇచ్చేశారు, కత్తి చేతిలో ఉంది. ‘సార్, ఆగండి. అది కుడివైపు. ఫిల్ము నేనే తిప్పి పెట్టాను’ అన్నాను. ఆయన నన్నొకసారి చూసి, కత్తి ట్రేలో పెట్టి, ‘ఇంకో సూది తీసుకురండి. కుడివైపు’ అన్నారు, అంతే.

కుడివైపు తెరిస్తే, అబ్బబ్బ, ఏం చెప్పను. ఆ ముద్దలోంచి బియ్యపు నూకంత పళ్ళు. ఒక్కొక్కటీ పన్నే, కొనతో, వేరుతో సహా. నర్సమ్మ గాజుగుడ్డ మీద పేరుస్తూ లెక్కపెడుతుంటే ఇరవై ఏడు తేలాయి. ఈ పిల్లకు ఆ పేరు అప్పుడే పడింది. అసలు పన్ను వాటి పైన పాపం దారి లేక కూర్చుంది. దాన్ని పీకకుండా ఉంచారు. అప్పటినుంచి మూడు నెలలకోసారి ఫిల్ము తీస్తున్నాను. కదిలినట్టే ఉంటుంది, కదలనట్టూ ఉంటుంది. అది దిగితే నా తప్పు కొంచెం తేలికవుతుందని ఒక వెర్రి ఆశ.

ఆ సాయంత్రం సర్జను గారు నా గదికొచ్చి, ‘చుక్క నేనూ తడమలేదమ్మా. ఇద్దరం నోరు మూసుకుందాం’ అన్నారు. మూసుకున్నాం. క్షమించండి సార్, నేను ఇక మూసుకోలేను.

అమ్మా, అమ్మమ్మగారూ, ఆ రోజు మీ మనవరాలి ఎడమ బుగ్గకు పడిన సూది నా వల్ల పడింది. మీరేమో నేను దేవతనని శాలువా పట్టుకొచ్చారు. తప్పు చెప్పకుండా అది కప్పుకోలేను.

ఏంటమ్మా ఇరవై ఏడూ, ఏమంటున్నావు? గట్టిగా చెప్పు, వినపడటం లేదు... (అమ్మాయి చెప్పింది విని) నీకు అప్పుడే తెలుసా? తలుపు దగ్గర నేనన్న మాట విన్నావా? ఎడమ బుగ్గ సాయంత్రం దాకా మొద్దుబారే ఉందా?

విన్నారా అండీ. అన్నీ తెలిసి ఈ పిల్ల రెండేళ్ళుగా నా గదికే వచ్చి, నా ఎదుటే నోరు తెరిచింది.

చేతిరుమాలు కావాల్సి వచ్చింది, మా ఆయనే గెలిచారు.

ఇంక ఒక్కటి. ఉదయం ఫిల్ము పెట్టబోతూ ఈ పిల్ల పై పెదవి ఎత్తితే, కుడివైపు చిగురు చీల్చుకుని గోటి కొనంత పన్ను తెల్లగా కనిపించింది. వేలితో తడిమాను. ఉబ్బెత్తుగా తగిలింది.

వచ్చే నెల కొత్త మిషను వస్తుందట, ఫిల్మూ ఉండదు, చుక్కా ఉండదు. అయినా తడిమి చూసుకోండి. ఇన్నేళ్ళు నన్ను భరించిన అందరికీ కృతజ్ఞతలు. ఇరవై ఏడూ, ఆ శాలువా ఇటు తీసుకురా తల్లీ, ఇప్పుడు కప్పుకుంటాను. సెలవు.