‘ఇంకెవరైనా మాట్లాడతారా?’ మేడమ్‌కు వీడ్కోలు

1992వ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీన మా సహోద్యోగిని పురపాలక కార్యాలయపు ప్రజా భాగస్వామ్య విభాగంలో సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాటి నుండి ఇక్కడ ఏ సమావేశమూ అనుకున్న వేళకు ముగిసిన దాఖలా లేదు. అభినందన వ్యాసంలో ఇటువంటి వాక్యం శోభించదని ఈ పదవీ విరమణ సంచిక సంపాదకులు సున్నితంగా సూచించారు గానీ, ఇంజనీరుగా వారి పక్క గదిలో ఇరవయ్యేళ్లు గడిపిన నాకు ఆ మాత్రం విసుక్కునే హక్కు ఉందని సవినయంగా మనవి చేస్తున్నాను.

చెత్తకుప్పలు, వీధి కొళాయిలు, కొట్టేయబోయే చెట్లు మొదలైన సమస్యలపై కాలనీవాసులతో కార్యశాలలు నిర్వహించడం వారి తొలి బాధ్యత. కాలక్రమంలో ఆ విభాగానికే అధిపతి అయ్యారు. పదవి పెరిగినా పద్ధతి మారలేదు. అందరూ మాట్లాడి, వాదించుకుని, అలసి చెప్పులు వెతుక్కునే వేళకు సరిగ్గా “ఇంకెవరైనా మాట్లాడతారా?” అనేవారు. ఎవరో ఒకరు గొంతు సవరించుకునేవారు. మేము పళ్లు కొరుక్కుంటూ మళ్లీ కూలబడేవాళ్లం.

ఒక వర్షాకాలంలో పల్లపు వీధి ఇళ్లలోకి మురుగునీరు చేరింది. అక్కడి దర్జీగారు ఇల్లు ఖాళీ చేసేందుకు సామాను మూటగట్టుకున్నారు. నేను నీళ్లు తోడే పంపు పెట్టించే ప్రణాళిక సిద్ధం చేశాను, సంతకమే తరువాయి. ముందు కార్యశాల జరగాలని మేడమ్ పట్టుబట్టారు. అదీ మా హాలులో కాదు, చీలమండల లోతు నీళ్లు నిలిచిన దర్జీగారి ముందుగదిలో!

“మా వీధిలో చుక్క నీరు నిలవట్లేదు. మమ్మల్నెందుకు పిలిచారండీ?” అని ఎగువ వీధి మందుల షాపు యజమాని మండిపడ్డారు. గంటన్నర వాగ్వాదమయ్యాక మేడమ్ అలవాటైన ప్రశ్నే వేశారు. నాకు తల బాదుకోవాలనిపించింది.

అంతవరకూ నోరు మెదపని ఆ యజమాని భార్య లేచారు. “అదేంటండీ, కారు లోపలికి ఎక్కట్లేదని మన గేటు ముందు కాలువ పూడ్చి సిమెంటు పోయించింది మీరేగా? ఆ నీళ్లే ఇక్కడికొస్తున్నాయి.”

“నువ్వు కాసేపు ఊరుకుంటావా!”

“ఎలా ఊరుకోను? గంటన్నరకే నా కాళ్లు నానిపోయాయి. వీళ్ల పిల్లలు ఇందులోనే తిరుగుతున్నారు.”

ఆ వారంలోనే వారి గేటు ముందు సిమెంటు పగిలింది. అలాగే కాలువ పూడ్చిన మిగతా ఇళ్లవారిని ఒప్పించేసరికి మరికొన్ని కార్యశాలలూ, నా సహనంలో అధికభాగమూ ఖర్చయ్యాయి. నా పంపు ప్రణాళిక బీరువాలోనే ఉండిపోయింది. మరుసటి వర్షాకాలంలో దర్జీగారి మిషను మాత్రం పొడి నేల మీద, అదే ఇంట్లో నడిచింది.

మొన్న మేడమ్ శ్రీవారు నాకు ఫోన్ చేశారు. “వంటింటి గోడకి ఏ రంగు వేద్దామని అడిగితే చెప్పాను. తర్వాత మా అత్తగారిని అడిగింది, పక్కింటివాళ్లనీ అడిగింది, ఇప్పుడు రంగులేసే ఆయన్నీ కూర్చోబెట్టింది. ఇంకో రెండేళ్లు ఆవిణ్ణి మీ దగ్గరే ఉంచుకోలేరా?” అన్నారు. నిబంధనలు అనుమతించవని తీవ్ర విచారంతో తెలియజేశాను.

ఆ గోడకు ఎన్నటికి రంగు పడుతుందో చెప్పజాలను గానీ, ఆ ఇంట ఆ దంపతులు సంపూర్ణ ఆరోగ్యంతో, తరగని ఓపికతో, నిండు నూరేళ్లు వాదించుకుంటూ వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను.