తూర్పు గోడ పళ్లు

చిన్న మంగళారం ఊర్ల అంతమ్మ ఇల్లు, తూర్పు గోడ పక్క. పొద్దు గుంకుతున్నది. శాంతయ్య మేస్త్రిని ఆ దినం ఎవ్వలూ రమ్మనలే. అయినా వచ్చి గోడ ముంగట నిలబడ్డడు.

"బీరయ్యను ఎందుకు పిలిచినవ్ చెల్లె?"

"ఏ బీరయ్య?"

"ఏ బీరయ్య అంటవేంది! మొయినాబాద్ కూలీల అడ్డ మీది బీరయ్య. రేపు అంతమ్మ ఇంటి కాడ చిన్న పని ఉన్నది, గోడ పళ్లు కొట్టాలె అని వాడే చెప్పిండు. నా మొఖం మీదనే చెప్పిండు."

"వాని నోట్ల నువ్వుగింజ నానదు. కూసో అన్న, ఛాయ్ పెడ్త."

"ఛాయ్ తర్వాత. ఈ ఇంటికి బునాది తీసిన కాడికెల్లి స్లాబు పడేదాక నా చెయ్యి తప్ప ఇంకో మేస్త్రి చెయ్యి పడలే. ఇయ్యాల బీరయ్య మంచోడైండా?"

"అది కాదన్న..."

"మరేంది? నేను పిలిస్తే రానోన్నా? చర్చి అయినంక ఏ వారమన్న ఈ గడప తొక్కకుంట ఇంటికి పోయిన్నా?"

"నువ్వు రావని కాదు. నీకు చెప్పేటందుకు నాకు నోరు రాలే. ఇగ చాలునా?"

"చాలదు. ఏం చెప్పాలనుకున్నవో చెప్పు."

"సూస్తనే ఉన్నవ్ గద. గోడ చివర ఇటుక విడిచి ఇటుక, ఇటుక విడిచి ఇటుక బయటికి పొడుసుకొని ఉన్నయి. అవి కొట్టేసి, మీద సిమెంటు గిలాబు పెట్టి సాపుగ చెయ్యాలె. గంతే."

"గంతే?"

"గంతే."

"అవి ఎందుకు పెట్టినమో నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"ఎరుకైతే నోటితోని చెప్పు."

"ఎందుకన్న నన్ను గిట్ల సతాయిస్తవ్?"

"నువ్వు చెప్పకుంటే నేనే చెప్త. నీ బిడ్డ ఆశకు, నా కొడుకు క్రాంతికి మాట అనుకున్నం. పెండ్లైనంక ఇద్దరు ఇక్కడ్నే ఉండాలె, బావ పోయినంక నువ్వు ఒక్కదానివి ఉండొద్దు అనుకున్నం. వాళ్లకు ఇటు పక్క పండుకునేటందుకు ఒక అర్ర జోడిద్దం, పంట చేతికొచ్చినంక కడ్దం, అప్పటిదాక గోడకు పళ్లు ఇడిచి పెడ్దం అనుకున్నం. అనుకున్నమా లేదా?"

"అనుకున్నం."

"పాత గోడకు కొత్త గోడ ఊకె ఆనిచ్చి కడితే రెండు వానలకు నడుమ సందు పడ్తది. పైకెల్లి కిందిదాక సీలుతది. పళ్లుంటే కొత్త ఇటుక పోయి పాత ఇటుకల నడుమ కూసుంటది. రెండు గోడలు కలిసి ఒక్కటే గోడైతది. ఇది నీకు నేను చెప్పలే. మా క్రాంతి చెప్పిండు. ఇగో, ఇక్కడ్నే నిలబడి, చేతుల తాపీ పట్టుకొని."

"యాదికున్నదన్న. అన్ని యాదికున్నయి."

"ఈ వరుసలు పెట్టింది గూడ నేను కాదు చెల్లె. నేను ఆ దినం ఇనుప సలాకల కోసం చేవెళ్ల పోయిన. వచ్చేవరకు వాడే పెట్టిండు. దారం కట్టి, గుండు వేసి సూసిన. ఎంట్రుకంత వంక లేదు. శెబ్బాస్ రా అన్న. పుట్టినకాడికెల్లి వాన్ని తిట్టుడే గాని గా మాట అన్నది అదొక్కసారే."

"ఊకో అన్న. కండ్లు తుడుసుకో."

"వాడు ఎన్నో ఇండ్లు కట్టిండు. అన్నిటి మీద గిలాబు పడ్డది, రంగు పడ్డది, ఇటుక ఏడున్నదో కనబడదు. వాని చెయ్యి కండ్లకు కనబడేది ఈ పళ్ల కాడనే. దీని మీద ఆ బీరయ్యగాడు వచ్చి పెద్ద సుత్తె ఏస్తడా? వానికి గోడ అంటే తెలుసా, బండ అంటే తెలుసా?"

"నా ఏడుపు గూడ జర ఇనన్న. ఆదివారం వాళ్లొస్తున్నరు."

"ఎవలు?"

"దొంతన్‌పల్లోళ్లు. పిల్లగాని పేరు సుకుమార్. అక్కడ యూనివర్సిటీల, పుస్తకాలుండే కాడ నౌకరీ. పాస్టరయ్య సూపెట్టిన సంబంధం. ఇంత పెట్టు, అంత పెట్టు అని ఒక్క మాట అనలే వాళ్లు. ఏమన్న అను అన్న."

"ఏమంటా. మంచిదే. ఆశ ఏమంటున్నది?"

"అదే గద నా బాధ. వద్దంటది. ఎందుకే అంటే చెప్పదు. మొన్నటి సంబంధం గట్లనే పోయింది, అంతకు ముందుది గట్లనే పోయింది. మందుల దుకాణంల కెల్లి వస్తది, బ్యాగు కింద పెట్టకముందే ఇటు తిరిగొచ్చి ఆ ఇటుకల కాడ నిలబడ్తది. గుంజకు కట్టేసిన మేక లెక్కైంది నా బిడ్డ. ఇవి ఉన్నన్ని దినాలు అది ఎటూ కదలదు. అందుకే కొట్టుమన్న. నీకు చెప్తే నువ్వు కొట్టనియ్యవు అని బీరయ్యకు చెప్పిన."

"కొట్టుడు అంత అల్కటి పని కాదు."

"ఎందుకు కాదు?"

"ఇది తొమ్మిదించుల గోడ. నీ స్లాబు బరువు దీని మీదనే కూసున్నది. లోపట వంటింటికి అడ్డం పెట్టిన గోడ ఉన్నది సూడు, అది నాలుగున్నర. ఊకె అటు ఇటు కనబడకుంట పెట్టింది. దాన్ని రేపు తీసి పారేసినా ఇల్లుకు ఏం కాదు. దీన్ని కదిలిస్తే..."

"ఇల్లు కూలుతదా?"

"కూలదు గానీ..."

"గానీ ఏంది?"

"దెబ్బకు ఇటుకల నడుమ సిమెంటు వదులైతది. సందులైతయి. వాన నీళ్లు లోపటికి దిగుతయి."

"చిన్న ఉలి పెట్టి, ఒక్కొక్కటి నిమ్మలంగ కొడితే?"

"అప్పుడు... అప్పుడు ఏం కాదు."

"మరి?"

"మరేంది మరి! నేను కొట్టనంటే కొట్టను. ఇంకెవ్వన్నీ కొట్టనియ్య. తడక కట్టు అడ్డం. లేకుంటే సొర తీగ పారియ్యి."

"ఆదివారం వరకు సొర తీగ ఏడ పెరుగుతదన్న? నీకు మతి ఉండే మాట్లాడుతున్నవా?"

"లేదు. మతి ఏడున్నది నాకు. వాడు పోయిన దినమే పోయింది."

"అన్నా..."

"గండిపేట దిక్కు ఆ ఫామ్‌హౌస్ల ఉన్నది హద్దు గోడ చెల్లె. ఇది నా జాగ అని సూపెట్టేటందుకు కట్టిన నాలుగున్నర గోడ. దాని ఎనక నిలువెత్తు మట్టి పోయించిండు ఆ సేటు, పచ్చగడ్డి పెంచుతడంట. మట్టి ఆపే గోడ వేరే ఉంటది. అడుగున ఎడల్పు ఉండాలె. నీళ్లు పోయేటందుకు తూట్లుండాలె. దానికి ఒక్క తూటు లేదు. రాత్రంత వాన. మట్టి నీళ్లు తాగి ఉబ్బింది..."

"ఎన్నిసార్లు చెప్తవన్న గది. చెప్పినప్పుడల్ల నువ్వే కూలిపోతవ్."

"ఆ దినం వాడు అక్కడికి పోయింది గోడ పనికి గూడ కాదు, బాత్‌రూంల బండలేసేటందుకు. అన్నం డబ్బ పట్టుకొని, నీడ ఉన్నదని ఆ గోడ కింద కూసున్నడు. గోడల సంగతి అన్ని ఎరుకే వానికి. నేనే నేర్పిచ్చిన. గానీ ఆకలైనోడు గోడను సూస్తడా చెల్లె? అన్నాన్ని సూస్తడు."

"నాయినా... పచ్చి ప్రాణం పోయింది."

"ఆ గోడ పడ్డది. నా కొడుకు పెట్టింది నిలబడ్డది. నిలబడ్డదాన్ని కొట్టుమంటున్నవ్ నువ్వు."

"అమ్మా, ఎవలతోని లొల్లి... మామా! ఎప్పుడొచ్చినవ్?"

"ఇప్పుడే ఆశా. దుకాణం బంద్ చేసిండ్రా బిడ్డ?"

"నేనే జల్ది వచ్చిన. అమ్మ ఎందుకు ఏడుస్తున్నది?"

"నేనేం ఏడుస్తలేను. రేపు ఆ పళ్లు కొట్టిపిస్తున్న, అదే చెప్తున్న మీ మామకు."

"వద్దని చెప్పిన గదనే!"

"ఇన్నవా చెల్లె? పొల్లనే వద్దంటున్నది. మా ఇద్దరికి లేని తొందర నీకెందుకు?"

"నీకేం పోయిందన్న, అంటవ్!"

"నాకేం పోయింది? నాకేం పోయిందా అంతమ్మా?"

"తప్పైంది. నోరు జారింది. కాళ్లు మొక్కుత అన్న, గట్ల సూడకు. నీ కొడుకు సచ్చిపోయిండు. నా బిడ్డ బతికుండి పోతున్నది. నాకు మాత్రం ఎవలున్నరు? ఎవలకు చెప్పుకోవాలె?"

"అమ్మా, లే. ఇటు కూసో. మామా, నువ్వు గూడ కూసో. పక్కింటోళ్లు తలుపు తీసి సూస్తున్నరు."

"ఆశా."

"ఆఁ మామా."

"ఆ పిల్లగాడు మంచోడు కాదా?"

"మంచోడే."

"నీకు నచ్చలేదా?"

"ఫోన్ చేసిండు. రెండు మూడుసార్లు మాట్లాడినం. క్రాంతి సంగతి చెప్పిన. ఏదీ దాయలే, అర్ర కట్టుకుందం అనుకున్నది గూడ చెప్పిన. అంత ఇన్నడు."

"ఓయమ్మ, నాకు ఒక్క ముక్క చెప్పలే నువ్వు!"

"నువ్వు ఆగు చెల్లె. మరి వద్దని ఎందుకంటున్నవ్ బిడ్డ? మావాన్ని మర్వలేకనా?"

"నేను మర్వ మామా. పెండ్లి చేసుకున్నా మర్వ. ఆ ముచ్చట గూడ గాయనకు చెప్పిన. మర్వకు అన్నడు."

"మరి?"

"ఏం లేదు. వద్దంతే."

"మీ అమ్మ లెక్కనే మాట దాస్తున్నవ్. చెప్పు."

"అమ్మా, నువ్వు లోపటికి పో."

"నేను పోను. నా ఇల్లు, నా బిడ్డ. నేనెందుకు పోతా?"

"సరే, ఉండు. మామా, నీకు కోపం రావద్దు మరి."

"రాదు."

"చర్చి అయినంక వస్తవ్. ఛాయ్ అడుగుతవ్. అమ్మ పొయ్యి కాడికి పోంగనే లేచి ఇటొస్తవ్. ఒక్కొక్క ఇటుక మీద చెయ్యి పెడ్తవ్. కిందికెల్లి మీదిదాక, పసిపిల్లగాని తల నిమిరినట్టు. క్రాంతితోని మాట్లాడుతవ్. ఈ వారం ఏ పని దొరికింది, మోకాలు ఎట్ల గుంజుతున్నది, కూర ఏం వండుకున్నవ్... అన్ని చెప్తవ్. కిటికీల కెల్లి వింటున్న నేను. నేను దినాం ఇక్కడ నిలబడేది నా కోసం కాదు. ఎవలన్న పిల్లలు రాళ్లేసిండ్రా, ఏదన్న ఇటుక ఊడిందా అని సూసుకునేటందుకు. ఊడితే వారమొచ్చినప్పుడు నువ్వు సూసి తట్టుకోవని."

"దేవా... నేనేమో నా బిడ్డ వాని కోసమే నిలబడ్తదనుకున్న..."

"పెండ్లైతే అమ్మను గూడ తీస్కరా అన్నడు గాయన. మేం ఇద్దరం పోతం. ఈ ఇల్లు ఎవలకో కిరాయికిస్తం. వాళ్లు నిన్ను గేట్ల అడుగు పెట్టనిస్తరా? ఎవరు నువ్వు, మా గోడ కాడ నీకేం పని అంటరు. నీ ఇంటికాడ అత్తమ్మ లేదు, వాడు లేడు. నీకు ఒక్క పూట ఛాయ్ పోసేటోళ్లు లేరు. నేను వద్దన్నది క్రాంతి కోసం కాదు మామా. నేను గూడ పోతే నువ్వు ఎవలింటికొస్తవ్? ఏమన్న అను మామా. కొడితే కొట్టు, తిడితే తిట్టు. గట్ల గోడ దిక్కు తిరిగి నిలబడకు."

"అన్నా, నీళ్లు తెమ్మంటవా?"

"బీరయ్యకు ఫోన్ చెయ్యి చెల్లె. రేపు రావద్దని చెప్పు. ఈ పని నేనే చేస్త."

"నువ్వా?"

"ఆదివారం వాళ్లొచ్చేది పొద్దుగాలనా, పొద్దూకినంకనా? గిలాబు అంతల్ల ఆరాలె."