సముద్రం నడాన మేం కోసిన లైట్‌హౌసు

“తాతా, నువ్వెప్పుడన్నా సముద్రం చూసినావా?”

సూడకేం పాపా! దాని నడాన వారం దినాలుండి వచ్చినోణ్ణి. అప్పుడు నేను రేణిగుంటలో గ్యాస్ కటింగ్ పని చేస్తా ఉంటి. మీ నాయన ఇంకా పుట్టలా... కాదు కాదు, పుట్టినాడు, పాకతా ఉన్నాడు. పాత ఇనుము కొనే కంట్రాక్టరొకాయన వచ్చి, సముద్రంలో లైట్‌హౌసు ఉండాది, కోసియ్యాల అన్నాడు. మీ అవ్వ ఏడ్సింది.

అది గట్టు మీద కాదు సూడు. గట్టుకు దూరంగా, నీళ్ళలో, నాలుగు ఇనపకాళ్ళ మీద నిలబడుండె. దాని కింద ఇసకదిబ్బ, పైకి కనపడదు. పడవలు దానికి తగలకుండా ఎప్పుడో దీపం పెట్టినారంట, మా తాత నాటిదేమో. మనిషి ఆడనే ఉండి ఎలిగించేవోడంట. తరవాత గట్టు మీద కరెంటుది కట్టి దీన్ని ఆపేసినారు. మేం పోయేసరికి పైగది నిండా పిట్టల రెట్ట. మేకుకొక చొక్కా తగిలించుండె, ఎవురిదో.

నేనూ, మునస్వామని పూతలపట్టాయన, ఇద్దరమే. పైనించి కోసుకుంటా వచ్చినాం. మూడోనాడు గాలి లేసింది, మాకు కూడూ నీళ్ళూ తెచ్చే కంట్రాక్టరు పడవ రాలా. తాగే నీళ్ళు అయిపోయినాయి. మునస్వామి బిడ్డల పేర్లు చెప్పుకుంటా కూసున్నాడు. మర్నాడు గాలి తగ్గీతగ్గకనే చేపలు పట్టేటాయన ఒకాయన తెప్పేసుకోని వచ్చినాడు, బిందెడు నీళ్ళతో. మేం తాగినాక అడిగినాడు.

“అన్నా, అంతా కోసేస్తారా?”

“నీళ్ళదాకా కొయ్యమన్నారప్పా.”

“దీపం పోతే పోయింది. పగలు ఈ కాళ్ళు చూసే మేం దిబ్బను తప్పుకుంటాం. మంచులో ఇది కనపడకనే మా తమ్ముడు పోయినాడు. రవ్వంత వదలన్నా.”

పడవొచ్చినాక మిగతాది కోసినాం. ఒక కాలు మాత్రం ఇద్దరు మనుసులెత్తున ఉండంగానే ఆపేసినా. మునస్వామి నా మొకం సూసి సిలిండరు కట్టేసినాడు. కంట్రాక్టరుకు గ్యాసు అయిపోయిందని చెప్పినా. ఆయన సిలిండరు తిప్పి సూసినాడు, బుస్సుమనింది. “నాకే అబద్ధం చెప్తావా?” అన్నాడు. ఇంక పనికి పిలవలా. ఆయన మాట ఇని వేరేవోళ్ళూ పిలవలా. కొన్నాళ్ళు ఏర్పేడు పక్కన చెరుకు కొట్టేదానికి పోయినా. సముద్రానికి పోకుంటే సాలు అనింది మీ అవ్వ.

ఆ కాలు ఉండాదో, ఉప్పుగాలి తినేసిందో. మళ్ళా పోలా. నీళ్ళు తెచ్చిన ఆ తెప్పాయన పేరన్నా అడగలా సూడు పాపా. నీళ్ళు తాగినాను, పేరు అడగలా... నువ్వు అట్ల చెయ్యొద్దు తల్లీ. సల్లంగుండు. నలుగురి పేర్లు అడిగి తెలుసుకుంటా, సల్లంగుండు...