రెండో పాఠం

వరండాలో పాత బట్టలు కుక్కిన గోనెసంచి వేలాడుతోంది. ఒకప్పటి బాక్సరు తన కూతురి చేతికి గుడ్డపట్టీ చుడుతున్నాడు.

“వేళ్లు చాపవే... అబ్బో, చెప్పకముందే చాపావు! ఎవరు నేర్పారే?”

“నువ్వే నాన్నా.”

“నేనా? ఎప్పుడు?”

“నిన్న. మొన్న కూడా. సెలవులిచ్చినప్పటి నుంచీ రోజూ ఈ పట్టీ కట్టడమే.”

“చాల్లే, కోతలు కొయ్యకు! ఇవాళేగా మొదలుపెట్టాం.”

“సరేలే. నీ తలకి ఎన్ని దెబ్బలు తగిలాయి నాన్నా?”

“లెక్కెవడు పెట్టాడు? ఒక్కసారైనా కిందపడ్డానా, అది అడుగు!”

“పడుంటే అప్పుడే ఆట ఆపేసేవాళ్లు, అన్ని దెబ్బలు తగిలేవి కావని అమ్మ ఏడుస్తుంది.”

“మీ అమ్మకేం తెలుసు? ఇవాళ్టికి పట్టీ చాలు. రేపు రెండో పాఠం.”

“ఏంటది?”

“తలకి దెబ్బ తగలకుండా కాచుకోవడం. అది మాత్రం జన్మలో మర్చిపోకూడదే తల్లీ.”