వంతెన కనబడిన తీరు

1988. నిడమనూరు దగ్గర ఓ పల్లె, దీపాలు పెట్టే వేళ. భూస్వామి జనార్దన్ ఇంటి వసారాలో, తండా నుంచి పిలిపించిన ముసలి ధన్‌సింగ్ నిలబడి ఉన్నాడు. జనార్దన్ భార్య లీలావతి గడపలో ఉంది.

"పందొమ్మిది వందల నలభైనాలుగు, మార్చి పదిహేను. పొద్దుగాల రెండు రొట్టెలు, పప్పు, ఇంత బెల్లం. గంతే తిన్నం దొరా."

"రొట్టెలు, పప్పు, బెల్లం. రాసుకున్న. ఇగ విమానం సంగతి చెప్పు. రేపు మిర్యాలగూడల నాకు చేసే సన్మానానికి ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ వస్తున్నడు. అడిగితే నేను తడబడొద్దు."

"మీరెందుకు తడబడ్తరు దొరా? మెడల్స్ నలభై ఏండ్ల సంది మీ బీరువల్నే ఉండె గద."

"ఎటకారమా? యుద్ధమప్పుడు నేను బెజవాడ కాలేజీల ఉన్ననని తెలిసినోళ్లు నువ్వూ నేనే."

"తెలిసినోళ్లల్ల నేను గూడ ఉన్ననండీ. ముసలాయన నిలబడే ఉన్నడు, జర కూసోమనున్రి."

"నువ్వు నడుమ రాకు లీలావతీ! సూడు ధన్‌సింగ్, తండా పోస్టంత మా ఇంటికే వస్తుండె. నీ మెడల్స్ పార్సిల్ గూడ వచ్చింది. నువ్వు అడగలే, నేను..."

"అడిగిన."

"ఏంది?"

"రెండుసార్లు అడిగిన. రెండోసారి మీ నాయిన చింతబరిగె తీసిండు. పోనీయున్రి."

"ఆ పాత ముచ్చట్లెందుకు? చెరువు కింది రెండెకరాలు నీ పేరున పట్టా చేయిస్త. ఈసారి ఖాయం."

"ఈసారి ఖాయం. ఆఁ."

"చెప్పు మరి. బాంబుల విమానం. నేను మిషన్‌గన్ కాడ. అంతేనా?"

"అంతే. పైలట్ ఒకరు, మీరొకరు. ఇద్దరే."

"వంతెన?"

"బర్మాల నది మీద. విమానం నిలువున కిందికి దూకుతది. మీ కండ్ల ముందల వంతెన పెద్దగైతుంటది. ముందు సన్న గీత, తర్వాత నిచ్చెనంత, తర్వాత లారీలు, మనుషులు. మీదికి ఉరికొస్తది దొరా!"

"శభాష్! చప్పట్లు కొట్టించే ముక్క ఇది. ముందుగాల ఇదే చెప్త."

"గదే చెప్పున్రి. ఆఫీసర్ మొఖంల మొఖం పెట్టి చెప్పున్రి."

"నువ్వు గూడ రా. వెనక వరసల కూసో."

"వెనక కూసునుడు నాకు అలవాటే దొరా."

"సరే, లోపలికి పోయి షేర్వాణీకి మెడల్స్ పెట్టుకొని సూస్కుంట. లీలావతీ, ఇతన్ని పంపి తలుపెయ్యి."

"ఆగు ధన్‌సింగూ. నీ పెండ్లాం కమ్లి పోయి నెలైందట గద?"

"నెలా నాలుగు రోజులు, దొరసానీ."

"పోయినేడు వచ్చింది. 'మా ఆయన మెడల్స్ ఒక్కసారి చేత్తో పట్టుకుంట' అన్నది. గేటు కాన్నుంచే తోలిండు ఈయన. నేను లోపల్నే ఉన్న, నోరు లేవలే."

"దొడ్డిదిక్కు కెల్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది మీరేనట. చచ్చేదాక చెప్పుకున్నది."

"ఒకటి అడుగుత. బండెక్కినా ట్రాక్టరెక్కినా నువ్వు వెనకకు తిరిగే కూసుంటవు. ఊరంత నవ్వుతది. ఎందుకు?"

"గన్ కాడి సీటు తోకదిక్కే తిరిగుంటది దొరసానీ. పైలట్ వీపుకు మా వీపు. ముందలున్నది మాకు కనవడది."

"మరి వంతెన?"

"దాటినంకనే కనవడ్డది. అప్పటికే కాలుతుండె."

"అంటే రేపు ఆ ఆఫీసర్ ముందల, ఊరందరి ముందల..."

"అవ్. మీరిప్పుడే చెప్తే దిద్దుకుంటరు. మీ ఇష్టం."

"మెల్లగ నడిచి పో ధన్‌సింగూ. తలుపు నేను చప్పుడు కాకుంట వేసుకుంట. లోపల ఆ ముక్కనే బట్టీ పడుతున్నడు, మరిచిపోతడు."